అనుభవదారు కథనం: ఐటీ కొలువు – తెలుగులో పనిని చెప్పే సమస్య

ప్రస్తావన

సింగరేణి గనుల్లో పని ఎలా జరుగుతుందో తెలుగు పాఠకుడికి కథలు చెప్పాయి. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటి రచయితలను చదివినవారు గనిలోకి దిగకపోయినా షిఫ్టు అంటే ఏమిటో, తట్టా చెమ్మస్ పట్టిన మనిషి ఒళ్లు ఎలా ఉంటుందో ఊహించగలరు. బి.ఎస్. రాములు 'బతుకు పోరు' బీడీలు చుట్టే చేతులను చూపింది. రాచకొండ విశ్వనాథశాస్త్రి 'ఆరు సారా కథలు' కోర్టు వ్యవహారం లోపలి మర్మాన్ని విప్పాయి. ఈ రచనలన్నిటా పని నేపథ్యంగా మిగిలిపోదు, కథను నడిపిస్తుంది.

గత మూడు దశాబ్దాల్లో తెలుగు మధ్యతరగతి రూపురేఖలను ఎక్కువగా మార్చిన కొలువుల్లో ఐటీ సేవల కంపెనీ కొలువు ఒకటి. దాని గురించి కథలు లేవని కాదు. ఆ కథల్లో జీతం ఉంటుంది, వాయిదాల మీద కొన్న ఫ్లాటు ఉంటుంది, అమెరికా ఉంటుంది, ఊళ్లో ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రులు ఉంటారు. ఉద్యోగి పొద్దున కూర్చుని సాయంత్రం లేచేవరకు ఏం చేశాడన్నది మాత్రం ఉండదు. ఈ లోటును విమర్శ సాధారణంగా రచయితల అనుభవలేమికో, ఆ వర్గపు ఆత్మతృప్తికో ఆపాదిస్తుంది. ఆ వివరణ చాలదని, ఆ కొలువులో అనుభవం మీద హక్కు ఎవరిదన్న ప్రశ్నలోనే దీని మూలం ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఉద్యోగి తన పనికి అనుభవదారుడే గాని పట్టాదారుడు కాడు. అతని కథనంలోని మౌనాలకూ, వాక్యనిర్మాణానికీ ఈ స్థితే కారణం.

ఇక్కడ 'ఉద్యోగానుభవ కథనం' అంటే ఒక పెద్ద ఐటీ సేవల కంపెనీలో చేరినవారు ఎంపిక, శిక్షణ, బెంచ్, ప్రాజెక్టు, మదింపు, నిష్క్రమణ అనే వరుసలో తమ కొలువును గురించి చెప్పుకునే కథనం. నోటితో చెప్పినా, రాసినా దీని చట్రం దాదాపు ఒక్కటే. ఈ చట్రాన్ని వరంగల్ పాతపట్నంలోని మట్టెవాడ నుంచి, అంటే కొలువు భాషకూ ఇంటి భాషకూ మధ్య ఎడం చాలాకాలంగా అనుభవంలో ఉన్న చోటు నుంచి పరిశీలించడం ఈ వ్యాసం పద్ధతి.

మట్టెవాడ: కొలువు భాష, ఇంటి భాష

ఓరుగల్లు వీధులు తెలుగు సాహిత్యంలో పనినీ మనుషులనూ బహిరంగంగా చూపిన తొలి వీధుల్లో చేరతాయి. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన 'క్రీడాభిరామము'లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి కాకతీయుల ఓరుగల్లులో నడుస్తూ చూసినదల్లా చెబుతారు. వాడలు, అంగళ్లు, వినోదాలు, పూటకూళ్ల ఇల్లు, తరతరాల వృత్తుల మనుషులు అన్నీ వారి కంటికి అందుతాయి. ఎవరు ఏ పని చేసి బతుకుతున్నారో నడిచేవాడికి కనబడుతుంది కాబట్టి వీథి అనే రూపక ప్రక్రియ అక్కడ సాధ్యమైంది. నేటికీ మట్టెవాడ పొరుగునున్న కొత్తవాడలో దరీలు నేసే మగ్గం గుమ్మంలోంచి కనబడుతుంది. ఆ వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. 1934లో నిజాం కాలంలో ఏర్పడిన ఆజంజాహి మిల్లు కూడా పట్టణం మొత్తానికి తెలిసిన పని. ఇదే వీధిలో ఒక గదిలో తలుపు వేసుకుని తెర ముందు కూర్చున్న ఐటీ ఉద్యోగి పని ఏ మంచనశర్మకూ కనబడదు. తెర మీదివి అక్షరాలు, వాటి యజమాని మరో ఖండంలో ఉన్న క్లయింటు. పని కంటికి అందనప్పుడు కథకుడికి మాటే ఆధారం. ఆ మాట ఏ భాషలో ఉందన్న ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

ఈ ప్రశ్న మట్టెవాడకు కొత్తది కాదు. నిజాం పాలనలో కచేరీ భాషా పైచదువుల భాషా ఉర్దూ. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. అదే సంవత్సరం మట్టెవాడలో శబ్దానుశాసనాంధ్ర భాషానిలయం వెలిసింది. అంతకుముందు 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం స్థాపితమైంది. ఒక నిలయానికి రాజు పేరు, మరొకదానికి ఆ రాజు ఆస్థానంలోని నన్నయను స్ఫురింపజేసే పేరు పెట్టడంలో ఒక ఆలోచన కనిపిస్తుంది. కొలువు కోసం ఏ భాష నేర్చినా బతుకును చెప్పుకోవడానికి తమ శబ్దం తమకు ఉండాలన్నది ఆ గ్రంథాలయోద్యమం పట్టుదల.

ఆ పట్టుదలకు ఆనక కాళోజీ నారాయణరావు రూపంలో గట్టి గొంతు దొరికింది. ఆయన పెరిగిన ఊరు వరంగల్ సమీపంలోని మడికొండ. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. ఇప్పుడు అదే మడికొండలో ఐటీ పార్కు ఉంది. 2020 జనవరి 7న అక్కడ టెక్ మహీంద్రా, సైయెంట్ కంపెనీల కేంద్రాలు ప్రారంభమయ్యాయి. రెండున్నర నెలలకు కొవిడ్ లాక్‌డౌన్ వచ్చి హైదరాబాదు, బెంగళూరు కొలువులు కూడా పాతపేటల ఇళ్లలోకి వచ్చి పడ్డాయి. అంతవరకు 'కంపెనీల చేస్తడు' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకున్న ఇంటివాళ్లకు కొలువు భాష గోడ అవతల నుంచి రోజంతా వినబడింది. పని ఇంట్లోకి వచ్చింది గాని ఇంటి భాషలోకి రాలేదు.

వరంగల్ ఉద్యోగి ఈ క్రమంలో రెండుసార్లు భాష మార్చుకుంటాడు. 'పోయిన', 'అచ్చిన' అనే ఇంటి రూపాలను హైదరాబాదు సహోద్యోగుల మధ్య ప్రామాణిక రూపాలకు సర్దుకుంటాడు. ఆపై సాఫ్ట్ స్కిల్స్ శిక్షణ పేరిట ఇంగ్లీషు ఉచ్చారణను క్లయింటు చెవికి తగ్గట్టు దిద్దుకుంటాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ ద్వారా ఇంజనీరింగ్ చదివిన తొలితరం విద్యార్థులకు ఈ రెండో మార్పు మరింత బరువు. సాంకేతిక పరిజ్ఞానంతో పాటు వారు మాట తీరులో కూడా పరీక్షకు నిలబడవలసి వచ్చింది.

ఎక్స్‌పీరియన్స్, అనుభవం

'అనుభవం' అన్న మాటకు తెలుగు వాడుకలో మూడు పొరలున్నాయి. సుఖదుఃఖాలను పొందడం ఒకటి. పొంది తెలుసుకున్న వివేకం రెండోది. ఆస్తిని ఆధీనంలో ఉంచుకుని వాడుకోవడం మూడోది. తెలంగాణ పహాణీలో పట్టాదారుకు ఒక కాలమ్, అనుభవదారుకు ఒక కాలమ్ ఉండేవి. భూమి ఎవరి పేరున ఉంది, వాస్తవంలో ఎవరు దున్నుతున్నారు అన్న రెండు సత్యాలకూ ఆ కాగితంలో చోటుండేది. 2020లో వచ్చిన ధరణి విధానంలో అనుభవదారు కాలమ్ తొలగిపోయినప్పుడు గ్రామాల్లో రేగిన ఆందోళన, దున్నేవాడి పేరు కాగితం నుంచి పోతే ఏమవుతుందో తెలిసినవాళ్ల ఆందోళన.

ఐటీ రంగంలో 'ఎక్స్‌పీరియన్స్' అనే మాటకు ఈ మూడు పొరల్లో ఏదీ అంటదు. అక్కడ అది సంవత్సరాల్లో చెప్పే సంఖ్య. 'మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్', 'ఐదు పాయింట్ ఆరు ఇయర్స్' అంటారు. ఆ సంఖ్య మీద జీతం, హోదా నిర్ణయమవుతాయి. ఏం జరిగింది, ఎలా జరిగింది అన్నవి అందులో ఉండనక్కరలేదు. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల పరిసరాల్లో 'ఫేక్ ఎక్స్‌పీరియన్స్' అన్న మాట వినబడటానికి ఇదే కారణం. అనుభవాన్ని నకిలీ చేయడం కష్టం, సంఖ్యను చేయవచ్చు. అలాంటి రెజ్యూమే పట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్లే అభ్యర్థి తాను చేయని ప్రాజెక్టును, ఎదుర్కోని చిక్కును, చూడని క్లయింటును ఒక కథగా కంఠస్థం చేస్తాడు. అది అక్షరాలా కల్పన. విచిత్రమేమిటంటే నిజంగా ఆ పని చేసిన ఉద్యోగి రెజ్యూమే కూడా అదే మూసలో, అదే పదాలతో ఉంటుంది. నిజానుభవానికీ కల్పితానుభవానికీ తేడా తెలియనివ్వని ప్రక్రియలో అనుభవం చెప్పడం సాధ్యమా అన్నది విమర్శకుడు అడగవలసిన ప్రశ్న.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి తన స్వీయచరిత్రకు 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' అని పేరు పెట్టారు. ఆ రెండు మాటల జోడింపు అర్థవంతమైనది. జ్ఞాపకం తోడైతేనే అనుభవం కథనమవుతుంది. కాళోజీ ఆత్మకథ పేరు 'ఇదీ నా గొడవ'. ఆ 'నా' అన్నది హక్కు ప్రకటన. ఐటీ కొలువు ఉద్యోగి చేత ఏటేటా రాయించే ఆత్మకథనం ఒకటుంది. దాని పేరు సెల్ఫ్ అప్రైజల్. ఏడాదిలో చేసిన పనిని ముందే నిర్ణయించిన లక్ష్యాల గడుల్లోకి సర్ది, తనకు తాను అంకె వేసుకుని పైవారికి పంపాలి. అందులో 'నేను' ఉంటుంది గాని జ్ఞాపకం ఉండదు. విఫలమైన రాత్రి ఉండదు, తప్పించుకున్న ప్రమాదం ఉండదు, సాయపడిన పక్కసీటు మనిషి ఉండడు. ఆ గడుల అవతలిదంతా టీ దగ్గర చెప్పుకునే మాటగా మిగులుతుంది.

హక్కు విషయంలో చట్టం కూడా స్పష్టంగానే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం నిర్వచనంలో కంప్యూటర్ ప్రోగ్రాము సాహిత్యకృతుల కోవలో చేరుతుంది. అంటే కోడ్ రాసే ఉద్యోగి చట్టం దృష్టిలో సాహిత్యకర్త. అదే చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు తొలి హక్కుదారు యజమాని. దీనికి తోడు నియామక పత్రంతో పాటు సంతకం చేసే గోప్యతా ఒప్పందం క్లయింటు పేరు, పని స్వభావం బయట చెప్పరాదంటుంది. రాసిన అక్షరం తనది కాదు, రాసిన సంగతి చెప్పే వీలు లేదు. పహాణీ పరిభాషలో ఇతడు కాలమ్ లేని అనుభవదారు.

పట్టాదారు లేఖ

కంపెనీ కథను పట్టాదారు చెప్పినప్పుడు అనుభవదారులు ఎలా కనబడతారో తెలుసుకోవడానికి తెలుగునేలకు చెందిన పత్రం ఒకటి ప్రజల ముందుంది. 1987లో బి. రామలింగరాజు ప్రారంభించిన సత్యం కంప్యూటర్స్ హైదరాబాదు ఐటీకి పతాకంలా నిలిచింది. 2009 జనవరి 7న ఆయన డైరెక్టర్ల బోర్డుకు రాసిన లేఖలో ఖాతాలు తప్పని ఒప్పుకున్నారు. 2008 సెప్టెంబరు 30 నాటి లెక్కల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదులో, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని ఆ లేఖ చెప్పింది. ఆ త్రైమాసికంలో ఆదాయం 2,700 కోట్లుగా చూపినా అసలు 2,112 కోట్లే అని, 24 శాతంగా చూపిన లాభం వాస్తవానికి 3 శాతమే అని వివరించింది.

సాహిత్య విద్యార్థికి ఆ లేఖ ఒక కథన పాఠం. ఉత్తమపురుషలో సాగుతుంది. చిన్న అంతరంగా మొదలైనది ఏళ్లు గడిచేకొద్దీ ఎలా పెరిగిందో కాలక్రమంలో చెబుతుంది. పులి మీద ఎక్కి దిగలేని మనిషి ఉపమానం కూడా అందులో ఉంది. అది ఒక స్వీయకథన శిల్పం. ఆ కథనంలో ఉద్యోగులు 53,000 అనే సంఖ్యగా, సంస్థ ఎదుగుదలకు సాక్ష్యంగా ప్రస్తావనకు వస్తారు. చూపిన లాభానికీ అసలు లాభానికీ మధ్య తేడా ఉందని తెలియకుండా ప్రతిరోజూ టైమ్‌షీట్ నింపిన వారి అనుభవం ఆ పత్రంలో ఉండదు, ఉండే అవకాశం లేదు. కేసు నడిచింది, 2015లో ప్రత్యేక న్యాయస్థానం తీర్పు వచ్చింది. లెక్కలు, ఆడిట్, షేర్లు, భూములు అన్నిటి మీదా విస్తారంగా రాతలు వచ్చాయి. కాని ఆ ఉదయం సీటులో కూర్చుని లేఖ చదివిన ఉద్యోగి, తన రెజ్యూమేలోని కంపెనీ పేరు ఒక్క పూటలో బరువు మారిన ఉద్యోగి, తెలుగు కథలో ఒక స్థిరమైన పాత్రగా రూపొందలేదు.

వేలంలో సత్యంను గెలుచుకుని 2013లో విలీనం చేసుకున్న టెక్ మహీంద్రాయే మడికొండలో కేంద్రం తెరిచింది. ఆ లేఖ రాసిన తేదీకీ మడికొండ ప్రారంభోత్సవ తేదీకీ మధ్య సరిగ్గా పదకొండేళ్లు. ఈ కలయిక యాదృచ్ఛికమే. అయితే వరంగల్‌కు వచ్చిన కొలువుకు ఒక చరిత్ర ఉందనీ, ఆ చరిత్ర ఉద్యోగి వైపు నుంచి ఇంకా రాయబడలేదనీ ఇది గుర్తుచేస్తుంది.

'పెట్టిండ్రు, ఏసిండ్రు, తీసేసిండ్రు': కర్త లేని వాక్యాలు

రాతలో దొరకని అనుభవం వాడుకలో దొరుకుతుందా? ఐటీ ఉద్యోగుల మాటల్లో ఇంగ్లీషు నామవాచకాలు ఎక్కువ కాబట్టి అది తెలుగు కాదనే అభిప్రాయం ఉంది. నామవాచకాలను పక్కనపెట్టి క్రియలను చూస్తే అసలు విషయం బయటపడుతుంది.

దీనికి ముందు ఐటీ సేవల వ్యాపారం నడిచే తీరు కొంత తెలియాలి. ఇలాంటి కంపెనీ ప్రధానంగా అమ్మేది వస్తువును కాదు, మనుషుల గంటలను. అనేక ఒప్పందాల్లో ఉద్యోగి పనిచేసిన గంటలకు క్లయింటుకు బిల్లు వెళుతుంది. బిల్లు పడే ప్రాజెక్టులో ఉన్నవాడు బిల్లబుల్, ప్రాజెక్టు లేక ఎదురుచూసేవాడు బెంచ్ మీద ఉన్నవాడు. బెంచ్ ఎంత తగ్గితే కంపెనీకి అంత లాభం. ఈ ఏర్పాటులో బెంచ్ ఖర్చు, శిక్షణ ఖర్చు చివరికి ఉద్యోగి కుటుంబం మీదికి ఎలా మళ్లుతాయో షియాంగ్ బియావ్ 2007లో ప్రచురించిన 'గ్లోబల్ బాడీ షాపింగ్' గ్రంథంలో చూపారు. ఆంధ్రప్రాంతం నుంచి ఆస్ట్రేలియాకు వెళ్లిన ఐటీ ఉద్యోగులను ఆయన పరిశీలించారు. కట్నం సొమ్ముకూ ఈ వలసకూ గల ముడిని కూడా గుర్తించారు.

ఈ నేపథ్యంలో వరంగల్ ఉద్యోగి వాడే వాక్యాలు గమనించదగినవి. 'బెంచి మీద పెట్టిండ్రు', 'కొత్త ప్రాజెక్టుల ఏసిండ్రు', 'నడుమల తీసేసిండ్రు', 'క్లయింటు రిలీజ్ చేసిండు'. పెట్టడం, వేయడం, తీయడం తెలుగింట్లో వస్తువులకు వాడే క్రియలు. గిన్నెను పొయ్యి మీద పెడతారు, పప్పులో ఉప్పు వేస్తారు, పెట్టెలోంచి బట్ట తీస్తారు. ఈ వాక్యాల్లో 'నేను' కర్మస్థానంలో ఉంది. మొదటి మూడింటిలో కర్త బహువచన ప్రత్యయంలో దాగి ఉన్నాడు. పెట్టినవారెవరో చెప్పడు, చాలాసార్లు అతనికీ తెలియదు. 'సెలెక్ట్ అయిన', 'అలొకేట్ అయిన' వంటి అకర్మక రూపాల్లో కర్త పూర్తిగా మాయమవుతాడు. ఉద్యోగి నిజంగా కర్తగా నిలిచే వాక్యాలు రెండు చోట్ల వినబడతాయి. లోపలికి వచ్చేటప్పుడు 'ఇంటర్వ్యూ కొట్టిన'. బయటికి పోయేటప్పుడు 'పేపర్లు పెట్టిన'. వస్తువుగా తనను పెట్టిన క్రియతోనే చివర తాను కాగితం పెడతాడు. ఉద్యోగానుభవ కథనం ఎక్కడ చెప్పినా రాజీనామా ఘట్టం దగ్గర గొంతు పెరగడానికీ, అదే కథకు శిఖరం కావడానికీ వ్యాకరణమే సాక్ష్యం చెబుతోంది.

మరో మాట 'రిసోర్స్'. 'ఇద్దరు రిసోర్సులు కావాలె' అని మేనేజరు అడుగుతాడు. వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో నాట్ల కాలంలో 'పదిమంది మనుషులు కావాలె' అంటారు. కూలి తక్కువైనా, శ్రమ కఠినమైనా తెలుగు వ్యవసాయ వాడుక శ్రమశక్తిని 'మనిషి' అనే కొలిచింది. ఐటీ కొలువు హెచ్చు జీతమిచ్చి ఆ మాటను తీసేసింది. 'కొలువు' అన్న మాట దగ్గరే ఒక శ్లేష ఉంది. సేవించడం అనే అర్థంలోనూ, పరిమాణం చూడటం అనే అర్థంలోనూ తెలుగులో 'కొలుచు' వినబడుతుంది. రాజు కొలువులో మొదటి అర్థం ప్రధానం. గంటలను గడుల్లో నింపే టైమ్‌షీట్ కొలువులో రెండో అర్థం ప్రధానమైంది.

ఈ పరిశీలన వల్ల తేలేది ఇది. ఉద్యోగుల మాట అనుభవశూన్యమైనది కాదు. తమ స్థితిని వారు తెలుగు క్రియల్లో కచ్చితంగా చెప్పుకుంటూనే ఉన్నారు. ఆ మాటను కథనభాషగా గుర్తించే పని సాహిత్యం ఇంకా పూర్తిగా చేయలేదు.

కథాసాహిత్యంలో పని

తెలుగు ఐటీ కథలను స్థూలంగా మూడు మూసల్లో చూడవచ్చు. మొదటిది తల్లిదండ్రుల వైపు నుంచి చెప్పే కథ; ఇందులో ఉద్యోగి రాలేకపోయినవాడు, ఫోను అవతలి గొంతు. రెండోది దాంపత్య కథ. ఇద్దరి షిఫ్టులు, పెరిగే ఖర్చు, తగ్గే మాట. మూడోది అమెరికా కథ. మూడింటిలోనూ పని ఒక కారణంగా పనికొస్తుంది గాని దృశ్యంగా రాదు. అతడు రాలేకపోవడానికి 'రిలీజ్ ఉంది' అన్న ఒక్క మాట చాలు. ఆ రాత్రి రిలీజ్‌లో ఏం జరిగిందన్నది కథ అడగదు.

సినిమాదీ అదే దారి. శేఖర్ కమ్ముల 'డాలర్ డ్రీమ్స్' (2000) వెళ్లాలన్న కోరిక చుట్టూ తిరుగుతుంది. 'హ్యాపీ డేస్' (2007) ఇంజనీరింగ్ కళాశాల నాలుగేళ్లను చెప్పి కొలువు గుమ్మం దగ్గర ఆగుతుంది. కొలువు కోరికగా, ఫలంగా కథావస్తువైంది; పనిగా కాలేదు. ప్రపంచీకరణ తర్వాతి నగరాన్నీ, ఉద్యోగం చేసే స్త్రీ మనోలోకాన్నీ కుప్పిలి పద్మ కథలు శ్రద్ధగా పట్టుకున్నాయి. అక్కిరాజు భట్టిప్రోలు కథ పేరు 'గేటెడ్ కమ్యూనిటీ' ఈ వర్గానికి ఒక సామాజిక చిరునామాను ఇచ్చింది. ఇవి విలువైన మలుపులు. అయినా ఆ పేరు సూచించేది నివాసాన్ని. పనిస్థలానికి అంత గట్టి పేరు తెలుగు కథ ఇంకా పెట్టలేదు.

ఆఫీసు పని కథకు లొంగదనే వాదనకు తెలుగులోనే సమాధానం ఉంది. రావిశాస్త్రి 'అల్పజీవి' నవలలో సుబ్బయ్య చిరుద్యోగి. గనిలాంటి ప్రమాదం లేదు, మగ్గంలాంటి దృశ్యం లేదు. పైవాడి పిలుపు, కాంట్రాక్టరు అవసరం, లోపల పేరుకున్న భయం మాత్రమే ఉన్నాయి. ఆ భయం మనసులో ఎలా పాకుతుందో పట్టుకున్నందువల్ల గుమాస్తా కొలువు సాహిత్యమైంది. కొడవటిగంటి కుటుంబరావు 'చదువు' నవల కూడా చదువుకూ బతుకుతెరువుకూ మధ్య ఉన్న మధ్యతరగతి ఆశను లోపలి నుంచి పరిశీలించింది. సుబ్బయ్యకు భయపెట్టేవాడి ముఖం తెలుసు. ఐటీ ఉద్యోగికి 'పెట్టిండ్రు' అన్న బహువచనం మాత్రమే తెలుసు. నేటి కథకుడికి ఎదురయ్యే కొత్త శిల్పసమస్య ఇదే: ముఖం లేని కర్తను ఎలా చిత్రించాలి? మదింపులో వచ్చిన అంకె తన పనిని చూసి వేసిందా, జట్టులో ఇంతమందికి ఇంతే అన్న నిష్పత్తి కోసం వేసిందా అని తెలియని సందిగ్ధంలోనే ఒక నవలకు సరిపడా భయం ఉంది.

ప్రత్యభిప్రాయాలు

ఈ ప్రతిపాదనకు మూడు అభ్యంతరాలు రావచ్చు. సింగరేణి కార్మికుడితో ఐటీ ఉద్యోగిని పోల్చడం న్యాయమా అన్నది మొదటిది. బాధలో పోలిక లేదు, ఉందనడం అన్యాయం. గనిలో ప్రాణం పోతుంది. ఇక్కడి పోలిక పనిని కథనం చేసే హక్కు గురించి మాత్రమే. పైగా గని కార్మికుడికి సంఘం ఉంది, సభ ఉంది, పాట ఉంది. వాటి వెంట కథ వచ్చింది. జీతం ఎక్కువున్న చోట సామూహిక స్వరం బలహీనంగా ఉండటం కథ ఆలస్యానికి ఒక కారణం కావచ్చు.

సాంకేతిక పదాలు పాఠకుడిని ఆపుతాయన్నది రెండో అభ్యంతరం. 'చెమ్మస్' అన్న మాటా ఒకప్పుడు గని బయటివారికి తెలియదు. నిఘంటువు అవసరం లేకుండా సన్నివేశమే దాని అర్థం చెప్పింది. 'బెంచ్' కూడా అంతే. ఉదయం తొమ్మిదికి వచ్చి సాయంత్రం ఆరుదాకా పని లేకుండా, పని లేదని ఎవరికీ తెలియకుండా కూర్చున్న మనిషిని చూపితే ఆ మాటకు వివరణ అక్కరలేదు.

మూడోది గోప్యత. ఒప్పందం సాక్ష్యాన్ని కట్టివేస్తుంది, నిజమే. సాక్ష్యానికి అసలు పేరు కావాలి, తేదీ కావాలి. కథకు అవి అక్కరలేదు. క్లయింటు పేరు, కోడ్ వరుస, ఒప్పందపు మొత్తం చెప్పకుండానే ఒక రాత్రి భయాన్ని, ఒక చిన్న గెలుపును, ఒక అవమానాన్ని కచ్చితంగా చెప్పవచ్చు. కాబట్టి గోప్యత కథకు అడ్డంకి కావడం కంటే కథ అవసరాన్ని పెంచుతుంది. పట్టా లేని అనుభవదారుకు కల్పన ఒక్కటే చట్టబద్ధమైన కాలమ్.

ముగింపు

ఐటీ కథను అంచనా కట్టేటప్పుడు విమర్శ మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. కథలో పని కారణమా, దృశ్యమా? వాక్యంలో కర్త ఎవరు, ఆ కర్త లేమి కథకుడికి తెలిసి జరిగిందా? కొలువు మాట అలంకారంగా వచ్చిందా, అనుభవపు బరువుతో వచ్చిందా? ఈ ప్రశ్నలకు నిలబడే కథ జీతం గురించి రాసినా, ఒంటరితనం గురించి రాసినా పనికథ అవుతుంది.

తెలుగు శాఖలకు కూడా ఇందులో ఒక బాధ్యత ఉంది. జానపద విజ్ఞానం కోసం పల్లెలకు వెళ్లి వృత్తిపదాలు, వృత్తిగాథలు సేకరించిన సంప్రదాయం మనది. అదే పద్ధతిలో, పేర్లు దాచి, ఉద్యోగుల నోటి కథనాలను సేకరించవచ్చు. క్రియల జాబితా, బెంచ్ కాలపు దినచర్య, ఇంట్లో కొలువును వివరించిన తీరు, పేపర్లు పెట్టిన రోజు కథ వంటివి క్షేత్రపర్యటనకు తగిన అంశాలే. వరంగల్ ఆ పనికి అనువైన చోటు. ఇక్కడ మగ్గం ఇంకా ఆడుతోంది, మిల్లు జ్ఞాపకం మిగిలి ఉంది, మడికొండలో తెర వెలుగుతోంది. మూడు తరాల పనిమాటలు ఒకే ఇంట్లో వినబడే అవకాశం ఉంది. కొలువు భాష ఉర్దూగా ఉన్న రోజుల్లో మట్టెవాడ తన శబ్దం కోసం ఒక నిలయం కట్టుకుంది. కొలువు భాష ఇంగ్లీషుగా ఉన్న ఈ రోజుల్లో ఆ నిలయానికి చేరవలసిన పుస్తకం 'బెంచి మీద పెట్టిండ్రు' అన్న వాక్యంతో మొదలు కావచ్చు. లేకపోతే ఇన్ని వేలమంది పగళ్లూ రాత్రులూ కంపెనీ దస్తావేజుల్లో గంటలుగా, రెజ్యూమేల్లో సంవత్సరాలుగా మాత్రమే మిగులుతాయి.